గొంతులో పగటివేషగాడు

మీ అబ్బాయికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు ఉంటాయి. సంక్రాంతి ముందు గొంతు నొప్పి, జ్వరంతో నాలుగు రోజులు మంచం పట్టాడు. మందులు వాడారు, తగ్గింది. ఎండలు ముదరకముందే మళ్ళీ అదే గొంతు, అదే జ్వరం. బడులు తెరిచి వానలు మొదలవగానే ఇంకోసారి. "తట్టు ఒకసారి పోస్తే మళ్ళీ పొయ్యదంటారు, ఆటలమ్మ ఒకసారి వస్తే మళ్ళీ రాదంటారు, మరి ఈ గొంతు నొప్పి ఇన్నిసార్లేమిటండీ?" అని మీరు డాక్టరు గారిని అడిగే ఉంటారు. ఆయన గది బయట ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉంటారు కనుక నవ్వి ఊరుకుని, చీటీ రాసి ఇచ్చి ఉంటారు.

మీరు అడిగిన ప్రశ్న మాత్రం చిన్నది కాదు. దానికి జవాబు వెతుకుతూ కొందరు శాస్త్రవేత్తలు తమ జీవితమంతా గడిపారు. ఆ జవాబులోనే మీ పిల్లవాడి గుండె క్షేమం కూడా ఇమిడి ఉంది. అందుకని ఈ వారం కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. గొంతు నొప్పులన్నీ ఒక్క జాతివి కావు. ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. జలుబు, తుమ్ములు, దగ్గు, గొంతు బొంగురుపోవడం, కళ్ళు ఎర్రబడటం వీటితో కలిసి వచ్చే గొంతు నొప్పి దాదాపు ఎప్పుడూ వైరస్‌దే. దానికి ఉప్పునీళ్ళు పుక్కిలించడం, మిరియాల పాలు, విశ్రాంతి చాలు. నాలుగైదు రోజుల్లో దానంతట అదే పోతుంది. కానీ బడి వయసు పిల్లల్లో గొంతు నొప్పితో వచ్చే ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి కారణం వైరస్ కాదు, ఒక బాక్టీరియా. దాని పేరు స్ట్రెప్టోకాకస్. సూక్ష్మదర్శినిలో చూస్తే పూసలు గుచ్చినట్టు గొలుసులు గొలుసులుగా కనిపిస్తుంది. 1874లో వియన్నాలోని బిల్‌రోత్ అనే శస్త్రవైద్యుడు ఆ గొలుసు రూపాన్ని చూసే గ్రీకు మాటలతో ఆ పేరు పెట్టాడు. ఇందులో చాలా తెగలున్నాయి. మన గొంతులో పేచీ పెట్టేది ముఖ్యంగా 'ఎ' గ్రూపుకు చెందినది.

ఈ క్రిమి ఒంటి నిండా నూగు ఉంటుంది. గొంగళిపురుగు మీద వెంట్రుకలు చూశారు కదా, అలాగన్న మాట. ఆ నూగులో ముఖ్యమైనది ఒక ప్రొటీను. ప్రొటీనంటే మాంసకృత్తే. పప్పులోనూ గుడ్డులోనూ ఉండేది ఏ జాతి పదార్థమో ఇదీ ఆ జాతిదే. దీనికి 'ఎమ్' ప్రొటీను అని పేరు. రెండు పోగులు పురితాడులా ఒకదాన్నొకటి పెనవేసుకుని, క్రిమి గోడలో పాతుకుని, బయటికి నిక్కి ఉంటాయి.

ఈ నూగు అలంకారానికి కాదు. మన ఒంట్లోకి పరాయి క్రిమి ఏది వచ్చినా తెల్ల రక్తకణాలు దాన్ని చుట్టుముట్టి మింగేస్తాయి. 'ఎమ్' ప్రొటీను ఉన్న క్రిమిని అవి మింగలేవు. ఈ ప్రొటీను మన రక్తంలో తిరిగే మన ప్రొటీన్లనే పట్టి తెచ్చి క్రిమి ఒంటికి కప్పుతుంది. దొంగ పోలీసు చొక్కా తొడుక్కుని తిరిగితే కాపలావాడు ఏం చేస్తాడు? అదే జరుగుతుంది ఇక్కడ.

ఈ సంగతి కనిపెట్టిన ఆమె పేరు రెబెకా లాన్స్‌ఫీల్డ్. 1895లో పుట్టి, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరి, 1981లో పోయేదాకా దాదాపు తన పరిశోధన అంతా ఈ ఒక్క క్రిమి మీదే చేసింది. స్ట్రెప్టోకాకస్‌లను 'ఎ', 'బి', 'సి' అని గ్రూపులుగా విడదీసింది ఆమే. 'ఎ' గ్రూపు లోపల మళ్ళీ 'ఎమ్' ప్రొటీనును బట్టి రకాలు ఉన్నాయని చూపించింది కూడా ఆమే. ఒక రకం క్రిమి సోకి తగ్గిన మనిషి రక్తంలో ఆ రకానికి విరుగుడుగా ప్రతిరక్షకాలు పుడతాయనీ, అవి ఎన్నో ఏళ్ళు నిలిచి ఉంటాయనీ, మళ్ళీ అదే రకం వస్తే తెల్ల కణాలకు దాన్ని పట్టి ఇస్తాయనీ తేల్చింది. అంటే మన శరీరం మరిచిపోవడం లేదు. ఒకసారి చూసిన ముఖాన్ని అది చాలా కాలం గుర్తు పెట్టుకుంటుంది.

చిక్కంతా మళ్ళీ వచ్చేవాడు అదే ముఖంతో రాకపోవడంలో ఉంది.

తలపాగా మారుతుంది, గజ్జెలు మారవు

మన పల్లెల్లో పగటివేషగాళ్ళు వచ్చేవారు. ఒకరోజు బైరాగి, మర్నాడు కోమటి, ఆ మర్నాడు పోలీసు జవాను. మనిషి వాడే, ఇంటి ముందుకు వచ్చినప్పుడల్లా కొత్తవాడే. ఈ క్రిమి కూడా అంతే. 'ఎమ్' ప్రొటీను పోగుకు బయటి కొస ఉంది చూశారూ, ఆ కొస రకానికీ రకానికీ పూర్తిగా వేరు. లాన్స్‌ఫీల్డ్ కాలంలో సీరంతో పరీక్షించి పదుల సంఖ్యలో రకాలను పోల్చారు. ఇప్పుడు ఆ ప్రొటీనుకు మూలమైన జన్యువునే చదివి లెక్క పెడుతున్నారు. 200కు పైగా తేలాయి. మన ప్రతిరక్షకాలు ఎక్కువగా ఆ కొసనే చూసి తయారవుతాయి. ఒకటో రకానికి తయారైన ప్రతిరక్షకం పన్నెండో రకం ఎదురుపడితే ముఖం తెలియనట్టు పక్కకు తప్పుకుంటుంది. మీ అబ్బాయికి మూడుసార్లు వచ్చిందంటే, అతని శరీరం దృష్టిలో ముగ్గురు వేరు వేరు శత్రువులు వచ్చినట్టే కావచ్చు.

ఇలా మార్చుకోవడం దాని తెలివితేటలు కావు. క్రిములు గంటలోపే రెండింతలవుతాయి. అన్ని కోట్లసార్లు జన్యువును నకలు తీసుకునేటప్పుడు పొరపాట్లు దొర్లుతుంటాయి. 'ఎమ్' ప్రొటీను జన్యువులో ఒకే వరస మళ్ళీ మళ్ళీ వచ్చే భాగాలున్నాయి. అలాంటి చోట ఒక వరస జారిపోవడమో, రెండు వరసలు అదనంగా చేరడమో తేలిక. పంచపాళీలో పూల దండ అల్లే పిల్ల ఒక మూర ఎక్కువో తక్కువో అల్లినట్టు. ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి జన్యువు ముక్కలు చేతులు మారడం కూడా ఉంది. ఇక ఒక బడిలో ఒక రకం అందరికీ వచ్చి పోయిందనుకోండి, ఆ పిల్లలంతా దానికి తట్టుకుంటారు. అప్పుడు ఎవరి కొస మారి ఉంటే ఆ క్రిమికే బతికి బట్టకట్టే అవకాశం. ఇలా వేల ఏళ్ళుగా వడపోతలో మిగిలినవే ఈ 200 పైచిలుకు రకాలు.

అయితే పోగు మొదలు మాత్రం, అంటే క్రిమి గోడలో పాతుకున్న వైపు, రకరకాలలోనూ ఇంచుమించు ఒకటే. దాన్ని మార్చుకుంటే నిలబడటానికే చోటు ఉండదు. వేషగాడు తలపాగా మారుస్తాడు, మీసం మారుస్తాడు, కాలికి కట్టుకున్న గజ్జెలు మాత్రం అవే. ఈ గజ్జెల సంగతి గుర్తుంచుకోండి, టీకా దగ్గర మళ్ళీ అవసరం వస్తుంది.

రకాన్ని బట్టి బుద్ధులు కూడా వేరు. కొన్ని రకాలకు గొంతు ఇష్టం, కొన్నింటికి చర్మం. పిల్లల కాళ్ళ మీద చీము పొక్కులు లేచి, పసుపు పచ్చ చెక్కు కట్టడం చూస్తుంటాం. వాటిలో కొన్ని ఈ క్రిమివే. అలాంటి పుండ్ల తర్వాత కొన్ని రకాలు, ముఖ్యంగా 49వ రకం, మూత్రపిండాల వాపు తెస్తాయి. పిల్లవాడి ముఖం ఉబ్బి, మూత్రం టీ డికాషన్ రంగులో పోతుంది. ఇంకొన్ని రకాలు గొంతులో మొదలై గుండె దాకా వెళ్ళే రోగానికి పేరు పడ్డాయి. 1985లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ఆ జబ్బు దాదాపు మాయమయిందనుకున్న చోట, కలిగినవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకు వరసగా రావడం మొదలయింది. అక్కడ ఆ రోజుల్లో గొంతుల్లో ఎక్కువగా దొరికింది 18వ రకం.

గొంతు నుంచి గుండెకు

గొంతు నొప్పి తగ్గిపోయి, పిల్లవాడు బడికి వెళ్తూ, అంతా మరిచిపోయాక, రెండు మూడు వారాలకు ఒకరోజు మోకాలు వాస్తుంది. ముట్టుకోనివ్వడు. రెండు రోజులకు అది తగ్గి చీలమండ పట్టుకుంటుంది, ఆ తర్వాత మోచెయ్యి. జ్వరం ఉంటుంది. ఇంట్లో పెద్దలు ఆటల్లో దెబ్బ తగిలిందంటారు, ఎదుగుదల నొప్పులంటారు. ఇదే రుమాటిక్ జ్వరం కావచ్చు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ లోపు వాళ్ళకు వస్తుంది. ఈ జబ్బు కీళ్ళను ఊరికే తాకి పోతుంది, గుండెను మాత్రం కాటేస్తుంది అని వైద్యులు చాలా కాలంగా చెప్పుకునే మాట. కీళ్ళు పూర్తిగా బాగవుతాయి. గుండె కవాటాలకు తగిలిన దెబ్బ నిలిచిపోతుంది.

క్రిమి గుండెలోకి వెళ్ళి చేసే పని కాదిది. అప్పటికి క్రిమి పోయి కూడా ఉండవచ్చు. పాడు చేసేది మన సొంత రక్షణ దళమే. 'ఎమ్' ప్రొటీను పురితాడులా ఉంటుందన్నాను. మన గుండె కండరంలో ఉండే మయోసిన్ అనే ప్రొటీను కూడా పురితాడే. రెండింటికీ కొన్ని చోట్ల పోలిక ఉంది. క్రిమి మీదికి తయారైన ప్రతిరక్షకాలూ, వాటితోపాటు పనిచేసే కణాలూ కొందరిలో ఆ పోలికకు మోసపోయి గుండె మీద పడతాయి. అందరిలోనూ ఇలా జరగదు. మందు పడని గొంతు నొప్పుల్లో నూటికి మూడుకు మించి ఈ జ్వరం రాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనబడుతుంది.

ఒకసారి వచ్చిన వాళ్ళకు మళ్ళీ ఏ రకం స్ట్రెప్టోకాకస్ సోకినా తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. తిరగబెట్టినప్పుడల్లా కవాటం ఇంకాస్త చెడుతుంది. ముఖ్యంగా ఎడమవైపు ఉండే మిట్రల్ కవాటం. మొదట సరిగా మూసుకోదు, తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి సన్నబడుతుంది. చాలామంది ఆడపిల్లలకు తమ గుండెలో ఇలాంటి లోపం ఉన్నట్టు మొదటి కాన్పుకు ముందు తెలియదు. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. ఆ పెరిగిన రక్తం సన్నబడ్డ ద్వారంలో పట్టక, ఐదో ఆరో నెలలో ఆయాసంతో, వెల్లకిలా పడుకోలేని స్థితిలో ఆస్పత్రికి వస్తారు. "చిన్నప్పుడు కీళ్ళ నొప్పులు వచ్చాయమ్మా, తగ్గిపోయాయి" అని తల్లి అప్పుడు గుర్తు చేసుకుంటుంది.

ప్రపంచంలో ఈ గుండెజబ్బుతో దాదాపు 5.5 కోట్ల మంది ఉన్నారనీ, ఏటా సుమారు 3.6 లక్షల మంది చనిపోతున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇరుకు ఇళ్ళు, ఒకే గదిలో నలుగురైదుగురు పిల్లలు పడుకోవడం, వైద్యం ఆలస్యం కావడం, ఇవి ఉన్న చోటే ఈ జబ్బు ఉంది. ధనిక దేశాల్లో ఇళ్ళు విశాలమయ్యేకొద్దీ, పెన్సిలిన్ రాకముందు నుంచే ఇది తగ్గుముఖం పట్టింది.

టీకా ఎందుకు రాలేదు?

ధనుర్వాతానికి టీకా ఉంది, కంఠవాతానికి ఉంది. మరి దీనికేం తక్కువ? ఆ రెండు జబ్బుల్లో మనిషిని చంపేది క్రిమి విడిచే విషం. ఆ విషం ఎక్కడైనా ఒకటే. దాన్ని నిర్వీర్యం చేసి ఎక్కిస్తే పని అయిపోయింది. ఇక్కడ అలా ఒకటే అని పట్టుకోవడానికి పైకి కనిపించే కొస నిలకడగా ఉండదు.

ఆ పైన ఇంకో భయం. 1960 దశకంలో అమెరికాలోని బోస్టన్‌లో మాసెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు, రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లల అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ 3వ రకం 'ఎమ్' ప్రొటీనును కొంతవరకు శుద్ధి చేసి టీకాగా ఇచ్చారు. మొత్తం 21 మందికి. వాళ్ళల్లో కొందరికి తర్వాత గొంతులో ఈ క్రిమి సోకింది. ముగ్గురికి రుమాటిక్ జ్వరం వచ్చింది. టీకా వేయని ఇలాంటి పిల్లల్లో వచ్చే దానికంటే ఇది చాలా ఎక్కువని 1969లో వాళ్ళే ప్రకటించారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. కారణం టీకాయేనని ఆ కొద్దిమందిని చూసి ఖాయంగా చెప్పలేమని తర్వాత వాదించిన వాళ్ళున్నారు. ఏమైతేనేం, 1979లో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఈ క్రిమినీ, దాని నుంచి తీసిన పదార్థాలనూ టీకాల్లో వాడరాదని నిబంధన పెట్టింది. అది 2006 దాకా అమలులో ఉంది. తమ కీడును తామే దాచకుండా ప్రకటించిన ఆ వైద్యులను మెచ్చుకోవాలి. కానీ ఆ పాతికేళ్ళ పైచిలుకు కాలంలో పని మందగించిందనేది కూడా నిజం. ఆ జబ్బు ధనిక దేశాల్లో తగ్గిపోయి, పేదదేశాల పిల్లల జబ్బుగా మిగిలిపోవడం వల్ల తొందరపడే వాళ్ళు తగ్గారని నా అనుమానం.

పని పూర్తిగా ఆగిపోలేదు. ఇప్పుడు రెండు మూడు దారుల్లో నడుస్తోంది.

మొదటి దారి, వేషాలన్నిటినీ ముందుగా పరిచయం చేయడం. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ డేల్ బృందం మొదట 26 రకాల, తర్వాత 30 రకాల 'ఎమ్' ప్రొటీన్ల కొసలను చిన్న ముక్కలుగా తీసి, ఒకదాని వెనక ఒకటి కుట్టి టీకా చేసింది. గుండెను పోలిన భాగం రాకుండా కొస వరకే తీసుకోవడం ఇందులో జాగ్రత్త. పెద్దవాళ్ళ మీద చేసిన తొలి పరీక్షల్లో గుండెకు హాని కనబడలేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ రకాల ఎంపిక ఎక్కువగా అమెరికా, ఐరోపాల్లో తిరిగే రకాలను చూసి జరిగింది. అక్కడ కొద్ది రకాలతోనే ఎక్కువ జబ్బు వస్తుంది. ఆఫ్రికాలో, పసిఫిక్ దీవుల్లో, మన దేశంలో పరీక్షించిన చోట్ల రకాలు ఎన్నో, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా కనిపించాయి. అయితే ఒక ఆశ ఉంది. టీకాలో లేని కొన్ని రకాల మీద కూడా ఆ ప్రతిరక్షకాలు పనిచేస్తున్నట్టు ప్రయోగశాలలో చూశారు. రకాలు వేరైనా కొన్నింటి మధ్య బంధుత్వం ఉందన్న మాట.

రెండో దారి, గజ్జెలను పట్టుకోవడం. పోగు మొదట్లో మారని భాగం ఉందన్నాను కదా. దాని నుంచి బాగా చిన్న ముక్కను తీసుకుని ఆస్ట్రేలియాలో మైకేల్ గుడ్ బృందం టీకా తయారు చేస్తోంది. బ్రెజిల్‌లో లూయిజా గిల్యెర్మె బృందానిది కూడా ఇదే దారి. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆస్ట్రేలియా ఆదివాసి జనంలో ఈ జబ్బు చాలా ఎక్కువ. వాళ్ళ రక్తం పరీక్షిస్తే పోగు మొదలును గుర్తుపట్టే ప్రతిరక్షకాలు వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతూ కనిపించాయి. పెద్దయ్యాక ఈ గొంతు నొప్పులు తగ్గిపోవడానికి అదొక కారణం కావచ్చు. మామూలుగా మొదలు భాగం నూగు అడుగున దాగి ఉంటుంది కనుక శరీరం దాన్ని ఆలస్యంగా, కొద్దిగానే గమనిస్తుంది. ఆ ముక్కను విడిగా చూపిస్తే చిన్న వయసులోనే ఆ పాఠం నేర్పించవచ్చని వాళ్ళ ఆశ.

మూడోది, 'ఎమ్' ప్రొటీనును వదిలేసి, అన్ని రకాల్లోనూ ఉండే ఇతర ప్రొటీన్లను గురి చేయడం. మన రక్షణ కణాలను పిలిచే సంకేతాలను తెంచివేసే ఎంజైములు ఈ క్రిమి ఉపరితలం మీద రెండున్నాయి. ఎర్ర రక్తకణాలను పగలగొట్టే విషం ఒకటుంది. ఇవి పెద్దగా మారవు. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద తీర్మానం చేశాక ఈ పనికి కొంత ఊపు వచ్చింది. కానీ మీ ఊరి మందుల షాపులో అడిగితే దొరికే టీకా ఇవాళ్టికి ఏదీ లేదు. 'గొంతు నొప్పి రాకుండా టీకా' అని ఎవరైనా చెబితే, ఏ క్రిమికో గట్టిగా అడగండి.

అంతదాకా ఏం చేయాలి?

చొక్కా ఎన్ని రకాలుగా మార్చినా ఈ క్రిమి ఒకటి మాత్రం మార్చుకోలేకపోయింది. అది పెన్సిలిన్‌కు లొంగడం. 80 ఏళ్ళుగా వాడుతున్నా, ఎన్నో ఇతర క్రిములు ఆ మందును లెక్క చేయకుండా తయారైనా, 'ఎ' గ్రూపు స్ట్రెప్టోకాకస్ మాత్రం 200 పైచిలుకు రకాల్లోనూ దానికి చస్తూనే ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఒక వైమానిక స్థావరంలో సైనికుల మీద చేసిన పరిశీలనల్లో, గొంతు నొప్పికి పెన్సిలిన్ ఇస్తే రుమాటిక్ జ్వరం ఇంచుమించు పదో వంతుకు తగ్గింది. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల లోపల మందు పడితే చాలు. మొదటి రోజే కంగారు పడనక్కర లేదు, రెండు వారాలు ఊరుకోనూ కూడదు.

మరి ఏ గొంతు నొప్పికి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి? హఠాత్తుగా మొదలై, మింగుడు పడక, జ్వరం గట్టిగా ఉండి, దగ్గూ జలుబూ లేకుండా వచ్చేదానికి. టార్చిలైటు వేసి నోరు తెరిపించి చూడండి. టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటి మీద తెల్లని చీము మచ్చలు కనిపించవచ్చు. దవడ కింద బిళ్ళలు కట్టి, ముట్టుకుంటే నొప్పి ఉంటుంది. ఇవన్నీ ఉంటే స్ట్రెప్టోకాకస్ అనుమానం బలపడుతుంది. గొంతులో దూది పుల్లతో తుడిచి కల్చరు పరీక్షకు పంపితే నిర్ధారణ అవుతుంది. అది కుదరని ఊళ్ళల్లో డాక్టరు లక్షణాలు చూసే నిర్ణయిస్తారు. ఉప్పునీళ్ళు, పసుపు పాలు హాయినిస్తాయి, మానవద్దు. కానీ క్రిమిని చంపవు.

నోటి మాత్రలు ఇస్తే 10 రోజులు వాడాలి. మూడో రోజుకు పిల్లవాడు లేచి క్రికెట్ బ్యాటు పట్టుకుంటాడు, మిగిలిన మాత్రలు గూట్లోకి పోతాయి. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. నొప్పి పోయినంత మాత్రాన గొంతులో క్రిమి పోయినట్టు కాదు. పది రోజులూ మింగించడం మీ వల్ల కాదనుకుంటే డాక్టరుతో ఆ మాటే చెప్పండి. ఒకే ఇంజెక్షనుతో పని జరిగే బెంజథీన్ పెన్సిలిన్ ఉంది. పెన్సిలిన్ పడని వాళ్ళకు వేరే మందులున్నాయి, వాటిని సొంతంగా ఎంచుకోకండి. ఆ మందులకు లొంగని స్ట్రెప్టోకాకస్‌లు తయారయ్యాయి.

ఇక్కడ ఏఎస్ఓ పరీక్ష గురించి ఒక మాట చెప్పక తప్పదు. మోకాళ్ళ నొప్పులని వెళ్ళిన ప్రతి పిల్లకూ ఈ రక్తపరీక్ష చేయించడం, కాస్త ఎక్కువగా ఉంటే రుమాటిక్ అని ముద్ర వేయడం మన ఊళ్ళల్లో ఉంది. ఆ పరీక్ష చెప్పేది ఒక్కటే, ఈ మధ్య కాలంలో ఈ క్రిమి ఒంట్లోకి వచ్చిపోయిందని. బడికి వెళ్ళే పిల్లల్లో అది ఎంతమందికి ఉండదు? కీళ్ళ వాపు, గుండె శబ్దం, రక్తంలో వాపు తెలిపే ఇతర పరీక్షలు, గుండె స్కాను అయిన ఎకో, అన్నీ కలిపి చూస్తేనే రుమాటిక్ జ్వరమని తేల్చడం. కాగితం మీద అంకె చూసి ఏళ్ళ తరబడి ఇంజెక్షన్లు మొదలుపెట్టినా తప్పే, లక్షణాలున్నా అంకె తక్కువని వదిలేసినా తప్పే. ఇంకో లక్షణం కూడా చెబుతాను. పిల్ల ఉన్నట్టుండి చేతులు అదే పనిగా కదిలిస్తూ, గ్లాసు జారవిడుస్తూ, రాత కోడిగీతలైపోయి, ఊరికే ఏడుస్తుంటే పంతులు గారు అల్లరనుకుంటారు, ఇంట్లో గాలి సోకిందంటారు. కొరియా అనే ఈ స్థితి కూడా రుమాటిక్ జ్వరం రూపమే, ఆడపిల్లల్లో ఎక్కువ. దానికి కావలసింది గుండె పరీక్ష.

రుమాటిక్ జ్వరం అని నిర్ధారణ అయిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొక బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షను పడాలి. 'పెనిడ్యూర్' అంటే చాలామందికి తెలుస్తుంది. ఏ వేషంలో వచ్చిన క్రిమి అయినా గొంతులో కాలు పెట్టకుండా ఒంట్లో ఎప్పుడూ కొంత మందు ఉంచడం దీని ఉద్దేశం. టీకా చేయవలసిన పనిని ప్రస్తుతానికి ఇదే చేస్తోంది. గుండెకు దెబ్బ తగలని వాళ్ళకు కనీసం ఐదేళ్ళు, ఇరవై ఏళ్ళ వయసు దగ్గరపడేదాకా. కవాటం చెడ్డవాళ్ళకు పదేళ్ళో, నలభై ఏళ్ళు వచ్చేదాకానో, కొందరికి జీవితాంతమో. ఎంతకాలమో గుండె డాక్టరు చెప్పాలి. ఆపరేషను చేసి కొత్త కవాటం అమర్చినా ఇంజెక్షన్లు మానమని కాదు.

ఈ ఇంజెక్షను నొప్పిగా ఉంటుంది, అది నిజం. చిక్కటి మందు, పెద్ద సూది. గది వేడికి తెచ్చి, నెమ్మదిగా ఎక్కిస్తే బాధ కొంత తగ్గుతుంది. నర్సమ్మతో చెప్పండి. పడకపోతే ప్రాణం పోతుందని భయపడి చాలా క్లినిక్కులు అసలు ఇవ్వడమే మానేశాయి. తీవ్రమైన ఎలర్జీ వచ్చేది ఎప్పుడో ఒకరికి. అది వస్తే వాడవలసిన మందులు పక్కన పెట్టుకునే చోట వేయించి, అరగంట అక్కడే కూర్చుని రావాలి. గుండె బాగా బలహీనపడి ఆయాసంతో ఉన్న వాళ్ళకు మాత్రం ఇంజెక్షను బదులు మాత్రలే క్షేమమని ఈ మధ్య నిపుణులు చెబుతున్నారు. అది కూడా మీ డాక్టరు తేల్చాలి.

అమ్మాయికి పెళ్ళి సంబంధం చూస్తున్నప్పుడు ఈ ఇంజెక్షన్ల సంగతి బయటపడుతుందని మధ్యలో ఆపేసే ఇళ్ళున్నాయి. ఆపిన ఏడాదిలో తిరగబెడితే దాచిన జబ్బు కాన్పులో బయటపడుతుంది. ఇంకా కొందరు బదిలీ మీద ఊరు మారి, కొత్త ఊళ్ళో ఎవరు ఇస్తారో తెలియక రెండు నెలలు జారవిడుస్తారు. గురుకుల పాఠశాలలో, హాస్టల్లో చేర్చేటప్పుడు వార్డెను గారికి చెప్పరు. అలాంటి చోట ఒకే హాలులో నలభై మంది పడుకుంటారు, క్రిమికి అంతకంటే అనువైన చోటు లేదు. ఒక అట్టముక్క మీద జబ్బు పేరు, మందు పేరు, మోతాదు, వేసిన తేదీలు, మళ్ళీ వేయవలసిన తేదీ రాయించి, డాక్టరు సంతకం పెట్టించి, పిల్లవాడి బట్టల పెట్టెలో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి. గోడ కాలెండరు మీద ప్రతి 21వ రోజుకు ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. పండగ ఆ రోజే వస్తే ఇంజెక్షను ముందురోజు వేయించండి, తర్వాతి రోజుకు వాయిదా వేయకండి.